చల్లపొయ్యి నాటి తీరం

ఆషాఢ శుద్ధ విదియ
గాలి: నైరుతి. పోటు: మామూలు. పొయ్యి: వెలిగింది.

దీపం పెట్టి, కొలగర్ర దగ్గర నీటిమట్టం చూసి, కట్ట వెనక ఉన్న కొత్తపాలేనికి కబురు పంపాను. వాననీళ్ళ తొట్టి మూత బిగించాను. ఇంటిని తేల్చే గొట్టాలకు పట్టిన గుల్ల గీకాను. నీలరేవు పోటు కావలిలో రోజూ ఉండే పనులే ఇవి. ఊరు ఇప్పుడు నా ఇంటి అడుగున ఉంది. నీళ్ళు తేటపడితే బడి పైకప్పు కనిపిస్తుంది.

మధ్యాహ్నం సరుకుల పడవ వచ్చింది. బియ్యంతో పాటు ఒక నోటీసు తెచ్చింది.

సముద్రంలో గ్యాస్ తీసే కంపెనీకి రాష్ట్రం పదేళ్ళుగా పన్ను వదిలేస్తోంది. ఆ గడువు తీరింది. ఇప్పుడు సమీక్ష. ఇకమీదట ఒడ్డుకు దూరంగా, కష్టమైన నీళ్ళలో ఉన్న బావులకే మినహాయింపు ఉంటుందట. దగ్గర బావులు పన్ను కట్టాలి. ఆ పన్ను ముందు సముద్రపు కట్టకు పోవాలి. ఒడ్డు ఏటా వెనక్కి జరుగుతోంది కనుక, ఒడ్డంటే ఏమిటో చట్టంలోనే రాశారు. పొయ్యి వెలిగే చివరి ఇల్లు.

నోటీసు చివర ఇలా ఉంది: నీలరేవులో వెలిగే పొయ్యి లేదని, పైనుంచి పొయ్యిల వేడి పట్టే యంత్రం కొలతపక్షి లెక్క తేల్చింది. కాబట్టి ఒడ్డు కొత్తపాలెం కట్ట దగ్గరే. దక్షిణపు బావులన్నీ దూరపు బావులే, వాటికి పన్ను లేదు.

చదివి మడిచి పెట్టాను. పొయ్యి మీద అన్నం పొంగుతోంది. వెళ్ళి మూత తీశాను.

ఆషాఢ శుద్ధ షష్ఠి
గాలి: నైరుతి, కొంచెం జోరు. పోటు: తక్కువ. పొయ్యి: వెలిగింది.

భూలక్ష్మి వచ్చింది. నా తర్వాతి చెల్లెలు. కొత్తపాలెంలో, కట్ట కిందనే ఇల్లు. దాని పడవ కంటే దాని గొంతు ముందు చేరుతుంది.

"ఏంటక్కా ఇది? నువ్వు లేవంట! మరి వారం వారం నాకు ఎండుచేపలు పంపేది దెయ్యమా?"

"చేపలు బాగున్నాయా?"

"నేనడిగింది అది కాదు!"

నోటీసు చేతికిచ్చాను. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. లెక్క తీసే రోజు దగ్గర వేలు పెట్టింది. ఏటా ఆషాఢ అమావాస్య.

ఆ రోజు పాటుకు నీరు బాగా తీస్తుంది. మునిగిన గోడలు పైకి తేలతాయి. ఏది ఇల్లో ఏది నీరో యంత్రానికి తెలుస్తుంది. అందుకే ఆ రోజు పెట్టుకున్నారు. మా గంగమ్మ గుడి శిఖరం బయటపడేదీ ఆ రోజే. అందుకే మేమూ ఆ రోజే పెట్టుకున్నాం, చల్లపొయ్యి.

ఏడాదంతా సముద్రాన్ని పట్టి ఉంచే తల్లి ఆ ఒక్కరోజు సేదతీరుతుందని మా నమ్మకం. ఆ రోజు మా నీలరేవు ఆడవాళ్ళు ఎక్కడున్నా పొయ్యి ముట్టించరు; కొత్తపాలెం పాత కాపురాలవాళ్ళకు ఈ ఆచారం లేదు. దీపమూ ఉండదు. ముందునాడు వండిన చద్దే తల్లికీ, మాకూ. మర్నాడు పొద్దు పొడిచాక పెద్దింటి పొయ్యి ముందు వెలుగుతుంది. ఆ నిప్పు తీసుకెళ్ళి మిగతా ఇళ్ళవాళ్ళు వెలిగించుకుంటారు. అమ్మ పోయాక పెద్దిల్లు నాదే.

భూలక్ష్మి నెత్తి కొట్టుకుంది. "మనం కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంటుంటే అది నెత్తి మీద ఎగిరి లెక్కెట్టుకుపోయిందన్నమాట. ఆ తెల్లపిట్టేనా? పిల్లలు ఏటా దానికి చెయ్యూపుతారే!"

"నేనూ ఊపాను" అన్నాను.

"ఊపావా! బానే ఉంది. మరి నీ రాతలో ఏం రాశావు ఆ రోజున?"

"పొయ్యి: లేదు."

"అక్కా!"

"లేదు కదే మరి."

నవ్వలేక, ఏడవలేక, చేపల బుట్ట తీసుకుని పడవెక్కింది.

సాయంత్రం సమీక్ష కార్యాలయానికి జవాబు రాశాను. నేను ఉన్నాను. ఏ రోజైనా వచ్చి చూడండి. ఆ ఒక్క రోజు తప్ప.

ఆషాఢ పౌర్ణమి
గాలి: దక్షిణం. పోటు: చాలా ఎక్కువ. పొయ్యి: వెలిగింది.

కొలగర్ర మీద నీరు ఎర్రగీత దాటింది. దాటకముందే కొత్తపాలేనికి కబురు పంపాను. పిల్లల్నీ గింజల్నీ పైకి ఎక్కించుకోవడానికి వాళ్ళకు వ్యవధి దొరికింది. అంతవరకే నా చేతిలో ఉంది.

నీళ్ళు కట్ట మీదుగా రాలేదు. కింద నుంచి ఊరాయి. పదేళ్ళుగా కట్టకు ఒక్క రాయి పడలేదు. భూలక్ష్మి ఫోను చేసింది. గొంతు చిన్నగా ఉంది.

"ఆకుమడి మొత్తం ఉప్పెక్కిపోయిందక్కా. నారు తెల్లబడిపోతంది. ఈ పౌర్ణానికే ఇలాగుంటే, కార్తీకంలో గాలివాన వస్తే కట్ట ఉంటదా?"

ఉంటుందని అనలేకపోయాను. "దండం పెట్టుకుంటాను" అన్నాను.

"పెట్టుకో. నీ దండం, నా గడ్డపలుగు. రెండూ కావాలి."

కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. లెక్క తీసే రోజు పాటును బట్టి నిర్ణయమైంది కనుక మార్చడం వీలుకాదు. అయితే సమీక్షాధికారి ఆ అమావాస్యకు స్వయంగా నీలరేవు వస్తారు. వారు కళ్ళారా చూసింది సాక్ష్యంగా చేరుతుంది.

ఆషాఢ బహుళ తదియ
గాలి: నైరుతి. పోటు: మామూలు. పొయ్యి: వెలిగింది.

సింహాద్రి వచ్చాడు. మాలో ఆఖరివాడు. నా చంకనెక్కి పెరిగాడు. ఇప్పుడు గ్యాస్ ప్లాట్‌ఫారం మీద పని. నా గుమ్మంలో నిలబడితే అక్కడ మండే గ్యాస్ మంట కనిపిస్తుంది.

"పెద్దక్కా, ఒక మాట చెప్తాను. కోప్పడకు."

"నేనెప్పుడు కోప్పడ్డానురా?"

"అదే నా భయం."

కూర్చోబెట్టి అన్నం పెట్టాను. రెండు ముద్దలు తిన్నాక చెప్పాడు. పన్ను కట్టాల్సి వస్తే దక్షిణపు బావులు మూసేసి పోతామని కంపెనీవాళ్ళు అంటున్నారట. అక్కడ పని చేసేవాళ్ళందరి బువ్వా పోతుందట.

"నువ్వు మెట్టకెళ్ళిపోతే గొడవే ఉండదక్కా. ఇల్లిత్తామంటన్నారు. వరండా ఉందంట. కుళాయి తిప్పితే మంచినీళ్ళంట. నీకూ వయసొత్తంది కదా."

"నేను వస్తానని నువ్వు రాసిచ్చావా?"

చేప ముల్లు తీస్తూ తల వంచాడు. "ఇంకా లేదు."

"అన్నం ఇంకొంచెం పెట్టనా?"

"పెట్టు."

చెయ్యి కడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. మంట వైపు చూస్తూ అన్నాడు: "పొద్దున షిఫ్టు ఎక్కగానే ముందు ఇటే చూత్తానక్కా. నీ పొయ్యి పొగ కనపడితే, పెద్దక్క లేచింది అనుకుని పనిలోకి దిగుతాను. మా వోళ్ళందరూ అంతే. 'మీ అక్క కాఫీ పెట్టేసిందిరా' అంటారు."

నేను కాఫీ తాగను. ఆ మాట చెప్పలేదు.

వాడికి తెలుసు, తను ఇప్పుడు చెప్పిందేమిటో. అధికారి ముందు ఆ మాట చెప్పమని నేను అడగలేదు. అడిగితే వాడు నా కోసం చెప్పేవాడు. అది వాడి బువ్వ. వాడే తేల్చుకోవాలి.

ఆషాఢ బహుళ నవమి
గాలి: లేదు. పోటు: తక్కువ. పొయ్యి: వెలిగింది.

కంపెనీ తరఫున ప్రణవి అనే అమ్మాయి వచ్చింది. చెప్పులు బయటే విడిచింది. పెద్దవాళ్ళు నేర్పి ఉంటారు. మజ్జిగ ఇచ్చాను.

"మా లెక్కలో తప్పు లేదమ్మా" అంది. "మూడుసార్లు సరిచూశాం."

"లెక్క తప్పని నేననలేదు తల్లీ. రోజు తప్పు."

"అయితే ఈసారి ఆ రోజున పొయ్యి వెలిగించండి. మేం అడ్డు చెప్పం. ఒక్క పుల్ల చాలు, పక్షి పట్టేస్తుంది. వెలిగించకపోతే మాత్రం లెక్క లెక్కే."

న్యాయంగానే ఉంది ఆ మాట. అందుకే బరువుగానూ ఉంది.

మెట్ట మీద ఇంటి బొమ్మ చూపించింది. నిజంగానే వరండా ఉంది. "ఇక్కడ ఒక్కరే ఎలా ఉంటున్నారమ్మా?" అని అడిగింది. ఆ గొంతులో కంపెనీ లేదు.

"నేను ఇక్కడి నుంచి కదిలితే కొలగర్ర ఎవరు చూస్తారు?"

ప్రణవి బొమ్మ మడిచింది. గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళింది.

ఆషాఢ బహుళ చతుర్దశి
గాలి: నైరుతి. పోటు: ఎక్కువ. పొయ్యి: వెలిగింది. రేపటి వంట కూడా అయింది.

పెద్ద డేగిసా నిండా అన్నం వండి వార్చాను. సగం చల్లారాక పెరుగు కలిపాను. మిగతాది గంజిలో వేశాను. పులుసు పెట్టాను. రేపు అందరూ వస్తారు.

ఉల్లిపాయలు మోసుకుని భూలక్ష్మి వచ్చింది. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"అక్కా, రాత్రి తల్లి నాకు కలలో కనపడింది."

"ఏమంది?"

"రేపు వెలిగించేయమంది."

"వెలిగించేది నేనైతే నీకెందుకు చెప్పింది?"

"నీకు చెప్తే వినవని!"

ఇద్దరం నవ్వాం. తర్వాత దాని నవ్వు ఆగిపోయింది.

"నవ్వులాట కాదక్కా. నారు పోయింది. పిల్లలు మంచాల మీదే ఉంటన్నారు, కింద తడి ఆరట్లేదు. ఒక్క పుల్ల. నీ చెయ్యి అంత బరువా? తల్లి మన పిల్లల కంటే ఎక్కువా?"

పులుసు దించాను. భూలక్ష్మి ఉల్లిపాయలు కింద పెట్టి, నా భుజం మీద ఒక క్షణం చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

పొద్దు వాలేదాకా తల్లి ముందు కూర్చున్నాను. ఏమీ వినిపించలేదు. ఎప్పుడూ వినిపించదు. మనసు మాత్రం నెమ్మదిస్తుంది. నెమ్మదించాక తోచింది ఇది.

రేపు నేను పుల్ల గీస్తే అది అన్నం వండడానికి కాదు, లెక్కలో పడడానికి. లెక్క కోసం ముట్టించే నిప్పు ఎక్కడైనా ముట్టించవచ్చు, ఎవరైనా ముట్టించవచ్చు. దానికి కాపురం అక్కర్లేదు. ఇక్కడ కాపురం ఉందని చెప్పేది, రేపు వెలగకపోవడమే. కానీ వెలగని పొయ్యిని ఎవరికి ఎలా చూపించడం? అది నాకు తెలియదు. వచ్చే మనిషికి కళ్ళిమ్మని అడిగాను. నాకు ధైర్యం ఇమ్మని కూడా అడిగాను.

ఆషాఢ అమావాస్య
గాలి: మందంగా. పాటు: ఏడాదిలో ఇంత ఎప్పుడూ లేదు. పొయ్యి: లేదు.

పొద్దున్నే పొయ్యిలో బూడిద తీసి, అలికి, ముగ్గు పెట్టాను.

నీరు తీసేకొద్దీ ఊరు పైకి వచ్చింది. ముందు బడి, తర్వాత మా వీధి గోడలు, ఆఖరున గంగమ్మ శిఖరం. మధ్యాహ్నానికి పడవలు వచ్చాయి. కొత్తపాలెం నుంచి, మెట్ట నుంచి, మావాళ్ళు అందరూ. మోకాలి లోతు బురదలో నడిచి వెళ్ళి తల్లికి చద్ది పెట్టాం. ఎవరింటి చోట వాళ్ళు నిలబడ్డారు. "ఇక్కడే కదా మన వంటిల్లు" అని ఒకళ్ళు, "నీ వంటింటి పొగంతా మా ఇంట్లోకే వచ్చేది" అని పక్కింటివాళ్ళు. ఏటా అనుకునే మాటలే.

అధికారి మస్తాన్‌వలీ గారు వచ్చేసరికి నా ఇల్లు జనంతో కొంచెం కుంగి ఉంది. ఆయన వెంట ప్రణవి ఉంది. ఆయనది నెరిసిన గడ్డం, అలసిన మొహం. ముందు పొయ్యి దగ్గరికి వెళ్ళారు. చెయ్యి పెట్టి చూశారు.

"చల్లగా ఉందమ్మా."

"అవునండి."

"ఈరోజు వెలిగించరా?"

"లేదండి."

"వెలిగించకపోతే నేనేం రాయాలో తెలుసా మీకు?"

"తెలుసండి. చూసింది రాయండి."

భూలక్ష్మి మూలన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

నెత్తి మీద తెల్లపక్షి తిరిగింది. పిల్లలు అలవాటుగా చెయ్యూపారు. ప్రణవి చేతిలో వెలిగే గాజు పలకమీద లెక్క పడింది. సున్నా. ఆ అమ్మాయి దాన్ని గట్టిగా చదవలేదు. పలక తిప్పి ఆయనకు చూపింది.

"భోంచేయండి" అన్నాను.

ఆయన మొహమాటపడ్డారు. భూలక్ష్మి ఊరుకుంటుందా? "ఆయ్, లేని ఇంట్లో తింటే లెక్కలోకి రాదులెండి, తినండి" అంది. ఆయన నవ్వేశారు. చద్దన్నం, ఉల్లిపాయ, చల్లటి చేపల పులుసు. రెండోసారి అడిగి వేయించుకున్నారు. ప్రణవి ఆవకాయ అడిగింది.

తింటూ అడిగారు: "ఇంతమంది ఇక్కడికే ఎందుకొచ్చారమ్మా? వీళ్ళ ఇళ్ళు కట్ట అవతల కదా?"

"రేపు నిప్పు తీసుకెళ్ళాలి కదండి" అన్నాను.

అర్థం కానట్టు చూశారు. అప్పుడే సింహాద్రి షిఫ్టు దిగి, కంపెనీ పడవలోంచి బురదలోకి దూకి వచ్చాడు. ప్రణవిని చూసి ఆగాడు. ఆ కంపెనీ చొక్కాతోనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మీరు ప్లాట్‌ఫారం మీద పని చేస్తారా?" అని అధికారి అడిగారు.

నేను విస్తరి వైపు చూశాను.

"చేత్తానండి. అక్కడ నుంచి ఈ ఇంటి పొగ రోజూ చూత్తానండి. నేనే కాదు, షిఫ్టులో అందరం. ఒక్క ఈరోజు తప్ప."

"సింహాద్రిగారూ" అంది ప్రణవి మెల్లగా, "బావులు మూసేస్తే మీ ఉద్యోగం..."

"మూసేత్తారంటే భయపడ్డానమ్మా. మొన్న కూర్చుని ఆలోచించాను. గ్యాస్ అక్కడ ఉంది. కంపెనీ పోవచ్చు గానీ బావి లేచి నడిచిపోదు కదా. ఎవరో ఒకరు తీత్తారు. తీసేది మా చేతులే." ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు: "మా చిన్నక్క ఇల్లు మాత్రం నీళ్ళు ఎత్తుకుపోతే మళ్ళీ రాదండి."

భూలక్ష్మి కొంగు తీసి, వాడి విస్తట్లో ఇంత అన్నం వేసింది.

బయల్దేరబోతే ఆయన పడవ బురదలో కూరుకుపోయి ఉంది. రాత్రి పోటుకు గానీ కదలదు, చీకట్లో ఈ గోడల మధ్య నడపడం ప్రమాదం. ఉండిపొమ్మన్నాను. పొద్దు వాలుతుంటే, గుమ్మం పక్క చాప వేసుకుని ఆయన నమాజు చేసుకున్నారు. లోపల నేను దీపం లేని తల్లి ముందు కూర్చున్నాను. ఇద్దరం ఏం అడిగామో మాకు తెలియాలి.

శ్రావణ శుద్ధ పాడ్యమి
గాలి: తూర్పు. పోటు: వస్తోంది. పొయ్యి: వెలిగింది.

పొద్దు పొడిచింది. స్నానం చేసి పొయ్యి ముట్టించాను. సరుగుడు పుల్లలు, కొబ్బరి డొక్కలు. పొగ నిటారుగా లేచింది. పాలు పొంగాక, కుంపట్లు పట్టుకుని అందరూ వరసన నిలబడ్డారు. ఒక్కొక్కరికి నిప్పు వేశాను. భూలక్ష్మిది అందరి కంటే పెద్ద కుంపటి. ఎప్పుడూ అంతే.

నీరు ఎక్కింది. పడవలు ఒకదాని వెనక ఒకటి కొత్తపాలెం వైపు సాగాయి.

మస్తాన్‌వలీ గారు ప్రణవిని పక్షిని ఎగరేయమన్నారు. "ఈరోజు లెక్క రోజు కాదండి" అంది ఆ అమ్మాయి. "లెక్కకు కాదమ్మా. చూద్దామని" అన్నారు. ఎగరేసింది.

నేనూ పలకలోకి తొంగి చూశాను. నల్లటి నీళ్ళలో ఒక ఎర్రచుక్క, నా ఇల్లు. అందులోంచి చిన్న చిన్న చుక్కలు బయల్దేరి, వరసగా కట్ట వైపు పోతున్నాయి. కట్ట దాటి విడిపోయాయి. కాసేపటికి అవతల మావాళ్ళ ఇంటింటికీ ఒక చుక్క వెలిగింది.



"చట్టంలో తీరం అంటే ఏమిటో చాలాసార్లు చదివాను" అన్నారు మస్తాన్‌వలీ గారు. "అది ఎక్కడ మొదలవుతుందో ఇవాళ చూశాను."

ప్రణవి పలకను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఇది నేనూ నివేదికలో పెట్టాలి" అంది. ఎవరితో అందో తెలియలేదు. పడవ ఎక్కుతూ నా వైపు తిరిగింది. "పై ఏడు ఏ రోజు రమ్మంటారమ్మా లెక్కకు?"

"ఏ రోజైనా రా తల్లీ. అమావాస్యకు మాత్రం చద్దికి రా."

ఆశ్వయుజ శుద్ధ దశమి
గాలి: ఈశాన్యం. పోటు: మామూలు. పొయ్యి: వెలిగింది.

భాద్రపదంలో తీర్పు వచ్చింది. అప్పుడు రాయలేదు. కాగితం మీద ఉన్నది కట్ట మీదకి రావాలి కదా అని ఆగాను.

దూరపు బావులకు మినహాయింపు అలాగే ఉంటుంది. అవి నిజంగా దూరమే. దక్షిణపు బావులు పన్ను కట్టాలి. ఒడ్డు నీలరేవు. లెక్క ఇకమీదట ఏడాదిలో ఒక్కరోజు కాదు, నెలనెలా తీస్తారు. కంపెనీ పోలేదు. పోతామన్న మాట కూడా మళ్ళీ వినపడలేదు.

ఈరోజు రాళ్ళ పడవలు నా గుమ్మం ముందు నుంచి వెళ్ళాయి. పెద్ద పెద్ద నల్లరాళ్ళు. కార్తీకానికి ముందు కట్ట అడుగు పూడుస్తారట. పూర్తిగా కాదు, సగమే. మిగతాది పై ఏడు. ముందు వరస పడవలో, రాళ్ళ మీద ఎక్కి నిలబడి ఎవరో అరుస్తున్నారు. గొంతును బట్టి భూలక్ష్మి.

"అక్కా! రాళ్ళకి కూడా చద్ది పెట్టాలా?"

"నీకు పెడతాను, దిగు" అన్నాను. దిగలేదు. పడవతో పాటే పోయింది, రాళ్ళు సరిగా పేరుస్తారో లేదో చూడాలట.

సింహాద్రిని రాత్రి షిఫ్టుకు మార్చారు. వాడు చెప్పినందుకు శిక్షేమోనని నాకు లోపల అనుమానం ఉంది. ఫోను చేసి అడిగాను.

"అయితే అయ్యింది పెద్దక్కా" అన్నాడు. "ఇప్పుడు ఇంకా బాగుంది. పొద్దున దిగేటప్పుడు చూత్తాను. నీ పొగ లేచిందంటే నా పని అయిపోయినట్టు."

అందుకని ఈమధ్య కాస్త ముందుగా లేస్తున్నాను. వాడు ఎదురుచూడకుండా.